సగం మాట చూపిన పెట్టె

"ఆ కంప్యూటర్ మూసీవే ముందు! నా కొడుకులిద్దరూ సముద్రంలో ఉంటే నీకా టిక్కుటిక్కు ఏటే?"

గున్నమ్మ అరుపుకి పక్కింటివాళ్లు కూడా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఉష తలెత్తలేదు. ల్యాప్‌టాప్‌ని నులకమంచం మీద పెట్టుకుని, నేల మీద కూర్చుని వేళ్లు ఆడిస్తూనే ఉంది. బయట గాలి ఒక్కో విసురుకి, ఎండబెట్టిన చేపల మీద కప్పిన పాత వలను ఎత్తి పడేస్తోంది. పొద్దు వాలుతోంది. ఉష భర్త శివాజీ, మరిది వెంకీ ఇంకా ఒడ్డుకి రాలేదు.

తెల్లారి వెళ్లిన మిగతా బోట్లన్నీ మబ్బు చూసి వెనక్కి తిరిగాయి. కళింగపట్నం ఒడ్డున వాటిని ఇసకలో పైదాకా లాగేశారు కూడా. సూరయ్య, గున్నమ్మల కొడుకుల బోటు ఒక్కటే లేదు. అన్నదమ్ములిద్దరి ఫోన్లూ మోగడం లేదు.

"నిన్నే అడుగుతన్నాను!" గున్నమ్మ కోడలి మీదికి వంగింది. "నా తమ్ముడి కూతురు సదువుకున్నాది, ఆఫీసులో పన్జేస్తాదని ఊరంతా సెప్పుకున్నానే. నువ్వు తయారుసేసిన ఆ బొమ్మని సూసే కదేటే నా పిల్లలు ఎల్లినారు! అందులో ఎల్లమనే ఉన్నాది కదా!"

"ఎల్లమనే ఉన్నాదత్తా," అంది ఉష. "అదొక్కటే కాదు. కింద ఇంకా ఉన్నాది."

"ఉంటే కనపడాలి కదే?"

ఉష మళ్లీ తెర వైపు తిరిగింది.

మత్స్యకారుల సొసైటీకి ఆ వెబ్‌సైటు కట్టింది ఆమే. శ్రీకాకుళంలో గణపతిరావు నడిపే చిన్న ఆఫీసులో ఉద్యోగం. ఆ సైటులో తీరం పటం ఉంటుంది. పటంలో ఏ ఊరి మీద వేలు పెడితే ఆ ఊరి పక్కన చిన్న పెట్టె తెరుచుకుని ఆ రోజు గాలి సంగతి, వేట సంగతి చెబుతుంది. ఆఫీసులో దాన్ని టూల్‌టిప్ అంటారు. ఊళ్లో అందరికీ అది పెట్టె. సొసైటీ గుమాస్తా జోగయ్య రోజూ చీకటితో లేచి అందులోకి మాటలు ఎక్కిస్తాడు.

ఈ రోజు కూడా ఎక్కించాడు. పొద్దున్న వెంకీ తన ఫోనులో పెట్టె తెరిచి చదివి, "ఎల్లొచ్చంట అన్నా," అన్నాడు. వంటింట్లో ఉన్న ఉష ఆ మాట వింది. విని, పప్పు కడుక్కుంటూ ఉండిపోయింది.

వెంకీ భార్య దుర్గ తన ఫోను పట్టుకొచ్చి ఉష పక్కన చతికిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. "అక్కా, ఇదిగో. ఇప్పటికీ ఇలాగే ఉన్నాది."

పెట్టెలో ఒకే ఒక్క వరస. *ఉదయం వేటకు వెళ్లవచ్చు.* దాని కింద గీత. అంతే. ఇంకేదో మిగిలిందన్న ఆనవాలు కూడా లేదు.

ఉష గణపతిరావుకి ఫోన్ చేసింది. ఆదివారం. ఆయన విజయనగరంలో ఇంటి దగ్గర ఉన్నాడు.

"పెట్టెలో మాట సగమే కనబడతంది సార్. అది సూసే మా ఇంట్లోవాళ్లు వేటకెళ్లినారు. ఇంకా రాలేదు."

"ఆఫీసులో చూసినప్పుడు బాగానే ఉంది కదమ్మా?"

"ఆఫీసులో కంప్యూటర్ సార్. అడ్డంగా చోటుంది గనక అంతా ఒక్క వరసలో పట్టేసింది. ఫోనులో చోటు చాలక మాటలు మూడు వరసలకి దిగతన్నాయి. పెట్టెని తెరిచే ప్లగిన్ మాత్రం ఒక్క వరసకే ఎత్తు కడతంది. మిగతావి లోపలే ఉండిపోతన్నాయి." ఒక్క క్షణం ఆగింది. "పోయిన వారమే చెప్పాను సార్ మీకు. నెమ్మదిగా చూద్దాం అన్నారు."

అవతల ఏదో టీవీ చప్పుడు. అది ఆగిపోయింది. ఆయన లేచి వేరే గదిలోకి వెళ్లినట్టున్నాడు.

"చూడు, ప్లగిన్ ఫైలు మాత్రం ముట్టుకోకు. మన సైట్లన్నింటికీ అదే ఫైలు. ఇక్కడ గెలికితే ఇంకోచోట ఊడుతుంది. సీఎస్ఎస్‌లో సర్దు."

"అదే చేస్తన్నాను సార్."

"ఇంకో మాట ఉషా. సర్దేశాక ఎవరితోనూ ఏమీ అనకు. ఆ తర్వాత చూసినవాళ్లకి మొత్తం కనబడుతుంది. అంతకుముందు ఎలా ఉండేదో ఎవరు రుజువు చేస్తారు? మనది చిన్న ఆఫీసు. నీలాంటి పిల్లలు నలుగురు దాని మీదే ఉన్నారు."

ఉష ఫోను కట్టేసి పక్కన పెట్టింది.

పేజీ కొలతలు రాసే సీఎస్ఎస్ ఫైల్లో పెట్టె పేరు వెతికి, ఎత్తు దానంతట అదే పెరగాలని రాసింది. పంపించింది. "తెరువు," అంది దుర్గతో.

దుర్గ తెరిచింది. "అలాగే ఉన్నాదక్కా."

గున్నమ్మ గోడకి చేరగిలబడి నవ్వినట్టు శబ్దం చేసింది. అది నవ్వు కాదు. "సేతులు కాలినాక ఆకులు పట్టుకుంటన్నాది. నా కొడుకుల్ని వెనక్కి తెస్తాదేటే ఆ రాత?"

"తేదత్తా. కానీ రేప్పొద్దున్న ఈ తీరమంతా దీన్నే సూస్తారు. ఇంకో ఇంటిలో ఇంకో అమ్మ ఇలా అరవకూడదు కదా."

ఆ మాట ఎందుకన్నానా అని ఉషకే అనిపించింది. గున్నమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

"ఏల మారట్లేదక్కా?" దుర్గ గొంతు పీలగా వచ్చింది. ఆమెకి ఏదో ఒకటి వినాలని ఉంది. సముద్రం గురించి కాకుండా ఏదైనా.

"పేజీలో ఏది ఎంత ఉండాలో మనం ఒక ఫైల్లో రాస్తాం. నాను అందులోనే రాసినాను. ఆ ప్లగిన్ ఉన్నాది సూడు, అది జావాస్క్రిప్ట్. పెట్టె తెరిసిన ప్రతిసారీ వచ్చి, కొలత పెట్టె ఒంటి మీదే రాసేస్తాది. ఫైల్లో రాసిందాని కన్నా ఒంటి మీద రాసిందానికే బలం."

"మరైతే ఏటి దారి?"

"దాన్ని కూడా కాదనే మాట ఒకటున్నాది."

ఆ మాట వాడొద్దని చదువుకున్న రోజుల్లోనే చెప్పారు. అలవాటైతే ఏది దేన్ని కాదంటోందో తర్వాత ఎవరికీ అంతుపట్టదని. ఉష ఎత్తు రాసిన వరస చివర ఆశ్చర్యార్థకం పెట్టి, పక్కన ఇంపార్టెంట్ అని రాసింది. మిగిలినదాన్ని దాచేయమని ప్లగిన్ రాసిన ఇంకో మాటకి కూడా అలాగే అడ్డం రాసింది. పంపించింది.

"లేదక్కా. అదే."

ఉష దుర్గ చేతిలోంచి ఫోను లాక్కుని చూసింది. ఒకే వరస. తను రాసింది మళ్లీ చదువుకుంది. అక్షరం తప్పు లేదు. అప్పుడు తట్టింది: ఫోను పాత ఫైలుని దాచుకుని దాన్నే చూపిస్తోంది. ఫైలు పేరు మార్చి, పేజీకి ఆ కొత్త పేరు చెప్పి, మళ్లీ తెరిచింది.

పెట్టె కిందికి జారింది. మూడు వరసలూ కనిపించాయి.

"వచ్చినాది!" అంది దుర్గ. అని, అలవాటుగా పైకి చదవడం మొదలుపెట్టింది. "ఉదయం వేటకు వెళ్లవచ్చు. మధ్యాహ్నం నుంచి గాలి బాగా పెరుగుతుంది. మధ్యాహ్నం లోపు అందరూ తప్పక ఒడ్డుకు..."

ఫోనుని నేల మీద బోర్లా పెట్టేసింది.

గుమ్మంలో సూరయ్య నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు. తడిసిన పంచె కాళ్లకి అతుక్కుపోయింది. మధ్యాహ్నం నుంచీ ఒడ్డున అటూ ఇటూ తిరిగిన మనిషి.

"అబద్ధం సెప్పినాదేటమ్మా అది?" అని అడిగాడు.

"లేదు మావా," అంది ఉష. "సగమే సెప్పినాది."

సూరయ్య తలపాగా తువ్వాలు విప్పి, దులిపి, మళ్లీ కట్టుకున్నాడు. ఒడ్డుకి తిరిగి వెళ్లిపోయాడు.

*

సొసైటీ ప్రెసిడెంటు జగన్నాధం వచ్చేసరికి దీపాల వేళైంది. వెనక పదిమంది దాకా ఉన్నారు. ఆయన అరుగు మీద కూర్చుని, చేతిలో ఫోను చూపించాడు.

"మీ సారుకి ఫోన్జేసినాను ఉసా. అంతా సరిగానే ఉన్నాది, మీరే సూసుకోండి అన్నాడు. నానూ సూసినాను. మధ్యాన్నం లోపు వచ్చీమని సుబ్బరంగా రాసి ఉన్నాది." గొంతు తగ్గించాడు. "మన వెంకీ తొందరపాటు మనిషి కదా. పై ముక్క సదివి కిందది వదిలీసినాడేమో."

లోపల్నుంచి దుర్గ గుమ్మంలోకి వచ్చింది. "మా ఆయనకి సదవడం వొచ్చు," అంది. మాట గట్టిగానే వచ్చింది.

"రాదనట్లేదే తల్లీ..."

ఉష తలుపు పట్టుకుని నిలబడింది. గణపతిరావు చెప్పింది నిజమే. ఎవరూ రుజువు చేయలేరు. ఇప్పుడు తను నోరు మూసుకుంటే చాలు. తప్పు వెంకీ కళ్ల మీదకి పోతుంది. రేపు ఏదైనా కానిది జరిగితే, చదవకుండా వెళ్లి అన్నని కూడా పోగొట్టాడని ఊరు చెప్పుకుంటుంది. దుర్గ అది జీవితాంతం వింటుంది.

"ఆడి తప్పు లేదు పెదనాన్నా," అంది ఉష. "ఇందాకటి దాకా ఫోన్లలో పై ముక్క ఒక్కటే కనబడేది. నాను ఇప్పుడే బాగుసేసినాను. అందుకే మీకు మొత్తం కనబడతంది."

"మరి మీ సారు అలాగన్నాడేటి?"

"ఆయనకీ తెలుసు. నాకూ తెలుసు. పోయిన వారమే సూసినాను. ఆయనకి సెప్పి ఊరుకున్నాను. సొసైటీకి సెప్పాల్సింది. ఇంట్లోనైనా సెప్పాల్సింది."

జగన్నాధం ఫోనుని జేబులో పెట్టుకోవడం కూడా మరిచిపోయాడు.

"పోయిన వారమే తెలుసా?"

గున్నమ్మ అడిగింది. అరవలేదు. మధ్యాహ్నం నుంచీ అరిచిన గొంతు, ఇప్పుడు పక్కమనిషికి కూడా సరిగ్గా వినబడనంత సన్నగా ఉంది. ఉషకి ఆ అరుపులే నయమనిపించింది.

"తెలిసీ ఒకే కంచంలో కూడు తింటన్న మనుసులకి సెప్పలేదేటే?"

"ఇంత పని సేస్తాదనుకోలేదత్తా..."

గున్నమ్మ లోపలికి వెళ్లి వంటింటి తలుపు వేసుకుంది. ఆ తలుపు పడుకునే వేళకి ముందు వేసి ఉండగా ఉష ఎప్పుడూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో కేకలు వినిపించాయి. సూరయ్య పరుగులాంటి నడకతో వస్తున్నాడు. ఎవరిదో ఫోను చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ఉన్నారు! బతికే ఉన్నారు! బావనపాడు కాడ ఒడ్డెక్కినారంట!"

దుర్గ అక్కడే కూలబడింది. వంటింటి తలుపు భళ్లున తెరుచుకుంది.

"ఏరు సంద్రంలో కలిసే మొగ కాడ కెరటం లేసినాదంట. లోపలికి రాలేక గాలికి ఉత్తరం కొట్టుకుపోనారు." సూరయ్య ఊపిరి తీసుకున్నాడు. తర్వాతి మాట చెప్పడానికి చిన్నకోడలి మొహం వైపు చూడలేక నేల వైపు చూశాడు. "ఒడ్డెక్కినప్పుడు వెంకీ సెయ్యి బోటుకీ రాయికీ మద్దిన పడిపోనాది. కుడి సెయ్యి. టెక్కలి ఆసుపత్రికి తీసుకెల్తన్నారు."

ఆటో పిలిచారు. సూరయ్య, దుర్గ ఎక్కారు. ఉష చెప్పులు తొడుక్కుంది.

"నువ్వొద్దు," అంది గున్నమ్మ.

అంతే అంది. ఉష చెప్పులు విడిచేసింది.

*

మర్నాడు పొద్దెక్కాక శివాజీ ఒక్కడే ఇంటికి వచ్చాడు. చొక్కా మీద ఉప్పు చారలు ఎండిపోయి ఉన్నాయి. గున్నమ్మ కొడుకు మొహం, భుజాలు, వీపు తడిమి తడిమి చూసుకుంది. ఏడ్చింది. తర్వాత అడిగింది.

"తమ్ముడు?"

"మత్తులో ఉన్నాడు. వేళ్లు... ఉంటాయంటన్నారు గానీ, పని సెయ్యవంట."

వల అల్లేవాడు, తాడు లాగేవాడు. వేళ్లు పని చెయ్యకపోతే ఆ ఇంటి గతి ఏమిటో ఎవరూ చెప్పుకోనక్కర్లేదు. గున్నమ్మ కళ్లు తుడుచుకుని, "కూడు పెడతాను, ఉండు," అని లోపలికి వెళ్లింది. ఉష ఉన్న వైపు చూడనైనా చూడలేదు.

గదిలో ఉష నీళ్ల చెంబు అందించింది. శివాజీ తాగలేదు. చెంబులోకి చూస్తూ కూర్చున్నాడు.

"తిట్టాలనుంటే తిట్టీ బావా. మావయ్య అంతా సెప్పీసుంటాడు."

"సెప్పినాడు."

"ఆ పెట్టె సరిగ్గా ఉంటే మీరు..."

"ఉసా." అతను ఆమె మాటకి అడ్డం వచ్చాడు. "నాకు తెలుసు."

"ఏటి తెలుసు?"

"మధ్యాన్నం లోపు వచ్చీమన్నారని తెలుసు." శివాజీ గొంతు బొంగురుపోయి ఉంది. "మొగ దాటినాక చినబాబు బోటు ఎదురొచ్చినాది. మత్స్యలేశం ఊరి చినబాబు. మధ్యాన్నానికల్లా వొచ్చీమని జోగయ్య నోటితోనే సెప్పినాడు, దూరం ఎల్లొద్దు, గాలి మారతాది అని కేకేసినాడు. వెంకీ ముందర వల మీద పడుకున్నాడు. ఇంజను సప్పుడు. లేసి, ఏటంటన్నాడన్నా అని అడిగినాడు."

ఉష అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏట్లేదు, సేపలు ఎటున్నాయని అడుగుతన్నాడు అనీసినాను."

బయట ఎవరో చేపల బుట్ట దించుతున్న చప్పుడు. గిన్నెల చప్పుడు.

"ఏల?" అంది ఉష.

"వచ్చే నెల ఆడు గుజరాత్ ఎల్లిపోతానన్నాడు. అక్కడి బోట్ల మీదకి. మీకెవరికీ సెప్పలేదు. ఎల్లినోడు మళ్లీ ఈ బోటెక్కడు, నాకు తెలుసు. ఇక్కడ కూడా సేప ఉన్నాదిరా అని సూపిద్దామనుకున్నాను. ఒక్క వేట బాగా పడితే ఆగిపోతాడనుకున్నాను." అతను తల పట్టుకున్నాడు. "పడినాది ఉసా. కవ్వళ్ల సేప. వల బరువెక్కిపోనాది. ఆడు నవ్వుతన్నాడు. ఇంకొక్కసారి వేద్దాం, ఇంకొక్కసారి... తిరగబుద్ధి కాలేదు."

ఉషకి ముందు ఒళ్లంతా తేలికైంది. నిన్నటి నుంచీ గుండె మీద కూర్చున్న రాయిని ఎవరో పక్కకి దొర్లించినట్టు. ఆ తేలికకి వెంటనే సిగ్గేసింది. సిగ్గు వెనకే మంట లేచింది.

"ఊరి ముందర నిలబడి తప్పు నాదని సెప్పినాను బావా. అత్త నాతో మాటాడడం మానీసినాది."

"తెలుసు."

"మరి?"

శివాజీ చెంబు పక్కకి జరిపాడు. "అలాగే ఉండనియ్యి," అన్నాడు చివరికి. "పెట్టె తప్పు అబద్ధమైతే కాదు కదా. యంత్రం తప్పంటే వెంకీ ఓర్సుకుంటాడు. అన్న తప్పంటే ఓర్సుకోలేడు. అమ్మ అసలే ఓర్సుకోలేదు."

"నానైతే ఓర్సుకోగలనేటి?"

అతను తలెత్తాడు.

ఉష ఫోను మోగింది. దుర్గ.

"అక్కా, ఆయనకి మెలకువొచ్చినాది!" దుర్గ గొంతులో రాత్రంతా మేలుకున్న అలసట ఉంది, దాని మీద చిన్న సంతోషం ఉంది. "నీ మీద కోపం లేదంటన్నాడు. వొదిన బాగుసేసీసినాది కదా, ఇంకెవరికీ ఇలాగవ్వదులే అన్నాడు. అత్తకి సెప్పమన్నాడు, నిన్నేమీ అనొద్దని."

"సరే దుర్గా. జాగర్త."

"ఉండక్కా, పెట్టీకు. ఒక్క మాట బావని అడగమన్నాడు. మెలకువొచ్చిన కాడ్నుంచీ అదే అడుగుతన్నాడు." ఆమె ఎవరితోనో ఏదో అని, మళ్లీ ఫోనులోకి వచ్చింది. "చినబాబు కేకేసినాడంట కదా బోటు మీంచి. ఈయనకి ఒకటో రెండో ముక్కలే ఇనబడ్డాయంట. అన్నకైనా సరిగ్గా ఇనబడిందా, లేదా అని. ఇంజను సప్పుడులో ఇనబడి ఉండదులే అని ఈయనే అంటన్నాడు. అయినా ఒకసారి అడిగి సెప్పమన్నాడు."

ఉష శివాజీ వైపు చూసింది. ఫోనులోని మాటలు అతనికీ వినబడ్డాయి. వద్దన్నట్టు తల ఊపాడు. మళ్లీ ఊపాడు.

"దుర్గా, మీ బావ ఇక్కడే ఉన్నాడు," అంది ఉష. "నువ్వే అడుగు."

ఫోను అతని చేతిలో పెట్టింది. వెనక్కి తీసుకోలేదు.

గుమ్మంలో గున్నమ్మ కూడు కంచం పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు మొహం చూసింది. కోడలి మొహం చూసింది. కంచం కింద పెట్టకుండానే అడిగింది.

"ఏటడుగుతన్నాదిరా అది?"

శివాజీ తల్లి వైపు చూడలేదు. ఫోను మెల్లగా చెవి దగ్గరికి తీసుకున్నాడు. అవతల్నుంచి దుర్గ మళ్లీ అడుగుతోంది.

"బావా, సెప్పండి. ఇనబడిందా, లేదా?"